మూడు బోర్ల లెక్క

“మైనస్ డెబ్బై నాలుగు గంటలు మోటారు తిప్పమంటంది రా నదీమూ. ఎట్టా తిప్పుతావో తిప్పు మరి. మెకానిక్‌వి నువ్వేగా.”

సాబిరా సుద్దముక్కను కిటికీ దిమ్మ మీద పెట్టి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. వాగు పక్కన పంచాయతీ మోటారు కొట్టు అది. లోపలి గోడ మీద మనిషెత్తున ఆమె రాసిన అంకెలు, వాటికి అటూ ఇటూ పొడుగాటి బ్రాకెట్లు. కింద సిమెంటు గచ్చు మీద తుడిపేసిన సుద్దపొడి రాలి ఉంది. చాలాసార్లు రాసి, చాలాసార్లు తుడిపినట్టుంది.

నదీం స్టార్టర్ డబ్బా మూత విప్పి, లోపల మసిబారిన కాంటాక్టులను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. తల తిప్పకుండానే జవాబు చెప్పాడు.

“ఫేజులు మార్చి కలిపితే మోటారు వెనక్కి తిరుగుద్ది పెద్దమ్మా. నీళ్ళు మాత్రం వెనక్కి పోవు.”

“పోవు గందా. ఈ లెక్క పొమ్మంటంది. బడి బోరులోకి మూడు పగళ్ళూ మూడు రాత్రుళ్ళూ నీళ్ళు తిరిగి పోసి, ఈ వాగు బోరును ఎనభై గంటలూ గట్టు బోరును నాలుగూ ఆడిస్తే, ట్యాంకు పది గంటల్లో నిండుద్దంట.”

అతను నవ్వాడు. నవ్వి వెనక్కి తిరిగి చూస్తే ఆమె ముఖంలో నవ్వు లేదు. గరుకు కాగితం జేబులో పెట్టుకుని వచ్చి గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈ ఊరి పని పడితే నదీంకు పూట పట్టేది అందుకే. పని గంటలో అయిపోయేది, మిగతాదంతా ఈ గోడ ముందు కూర్చోవడం.

అతనిది మాచర్లలో మోటారు వైండింగు కొట్టు. చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. కాలిపోయిన మోటార్లను తెచ్చుకుని, చుట్టు చుట్టూ విప్పి చూసి నేర్చుకున్నవాడు. సాబిరాకు అతను చుట్టం కాదు, పక్కం కాదు. ఆమె భర్త జిలానీ ఈ ఊరి పంచాయతీ బోర్లకు ఆపరేటరుగా ఉన్న రోజుల నుంచీ మోటార్ల పనికి వచ్చిపోతుంటాడు. ఆమెను పెద్దమ్మా అని పిలవడం జిలానీ ఉన్నప్పుడే అలవాటైంది. జిలానీ పోయాక పంచాయతీవాళ్ళు ఆ పని ఆమెకే ఇచ్చారు. ఇప్పుడు ఊళ్ళో పొద్దున్నే వాల్వులు తిప్పేది ఆమె.

అంతకు ముందు సాబిరా లెక్కల లెక్చరరు.

ఆమె గురజాలలో పరుపులు కుట్టే ఇంట్లో పుట్టింది. దూది ఏకే చోట దుమ్ము పడక దగ్గుతుంటే, పోయి బళ్ళో కూర్చోమని తండ్రి తరిమేవాడట. తెలుగు మీడియంలోనే డిగ్రీ దాకా వచ్చింది. మాచర్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరి, కరోనా తర్వాత ఆ కాలేజీ మూతపడేదాకా అక్కడే పాఠం చెప్పింది. ఆడపిల్లల హాస్టలు కూడా తనే చూసేది కాబట్టి వారమంతా అక్కడే ఉండి, ఆదివారం ఒక్కపూట ఈ ఊరు వచ్చేది. కూతురు ఫాతిమా ఊళ్ళో నాయనమ్మ దగ్గర పెరిగింది. బడి బోరు నీళ్ళు తాగి పెరిగింది.

ఆ సంగతి సాబిరా మాట్లాడదు. నదీం చూసి తెలుసుకున్నదే. ఫాతిమా నడుస్తుంటే మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి, పాదాలు మాత్రం దూరదూరంగా పడతాయి. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. ఆమె ఈడు వాళ్ళు ఊళ్ళో అలా నడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. పెద్దవాళ్ళలో మెడ తిరగని వాళ్ళు, నడుము వంగి ఇక లేవని వాళ్ళు ఉన్నారు. జిలానీ అలాంటివాడే. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు.

కాలేజీ మూతపడి ఊరు చేరిన ఏడాది ఆమె చేసిన మొదటి పని మూడు బోర్ల నీళ్ళనూ ప్లాస్టిక్ సీసాల్లో పట్టి నర్సరావుపేట ల్యాబుకు పంపడం. అప్పుడు సీసాలు మోసుకుపోయింది నదీమే. రాగి తీగ కొనడానికి అతను ఎలాగూ అక్కడికి వెళ్తుంటాడు.

వచ్చిన అంకెలు చూసి ఆమె పడ్డ సంబరం అతనికి ఇప్పటికీ జ్ఞాపకం. అవి మంచి అంకెలేమీ కావు. బడి బోరులో ఫ్లోరైడు లీటరుకు మూడు మిల్లీగ్రాములు. ఒకటి దాటితేనే మంచిది కాదు, ఒకటిన్నర దాటితే పిల్లలకు పొయ్యనేకూడదు. గట్టు కింద బోరులో అది అర మిల్లీగ్రామే, కానీ ఆ నీళ్ళు ఉప్పు, బడి బోరుకు దాదాపు నాలుగింతలు. వాగు బోరు ఒకటే కాస్త నయం. ఫ్లోరైడు ఒకటి, ఉప్పు ఓ మాదిరి. అయితే దాంట్లో ఊరంతటికీ సరిపడా నీళ్ళు లేవు.

“మూడూ చెడ్డవేగా పెద్దమ్మా, ఇంకెందుకు సంతోషం?” అని అడిగాడు అప్పుడు.

“చెడ్డవే. ఒకే రకం చెడ్డవి కాదు. అది చాలు మనకి.”

ఆ మాట అర్థం కావడానికి అతనికి చాన్నాళ్ళు పట్టింది. ఆమె విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పింది. గోడ మీద ఒక్కో బోరుకు ఒక్కో నిలువు వరస. పై అడ్డువరసలో మూడు ఒకట్లు, అవి గంటలు: మూడు బోర్లూ ఆడిన గంటలు కలిపితే ట్యాంకు నిండే పది గంటలు కావాలి. రెండో అడ్డువరసలో ఫ్లోరైడు, మూడో దాంట్లో ఉప్పు, వందల్లో. మూడింటి ధారా సమానంగా పడాలని జిలానీ డ్రమ్ము పెట్టి కొలిచి, వాల్వుల మీద పెయింటుతో గీతలు గీశాడు. ఇక తేలాల్సింది ఏ బోరు ఎంతసేపు ఆడించాలన్నదే. తెలియనివి మూడు, సమీకరణాలు మూడు.

ఇన్వర్స్, అంటే విలోమ మాత్రిక సంగతి అతనికి ఎక్కింది వైండింగు మీదుగా. బోర్ల గంటలు చెబితే ట్యాంకులో నీళ్ళు ఎలా ఉంటాయో బ్రాకెట్లలోని ఈ మాత్రిక చెబుతుంది. మనకు కావలసింది దానికి ఎదురు: నీళ్ళు ఎలా ఉండాలో మనం చెబితే, గంటలు అది చెప్పాలి. చుట్టినదాన్ని విప్పడం లాంటిదా అని నదీం అడిగాడు. అదేనంది. విప్పడం ఒక్కసారి నేర్చుకుంటే ఆ మోటారు ఎప్పుడు వచ్చినా విప్పొచ్చు. కరెంటు సరిగా లేక ట్యాంకు ఎనిమిది గంటలే నింపాల్సి వచ్చినా, పెళ్ళిళ్ళ రోజుల్లో పన్నెండు గంటలు నింపాల్సి వచ్చినా, బోర్లు మారనంత కాలం ఆ విలోమ మాత్రిక మారదు. కొత్త అంకెలతో దాన్ని గుణించుకోవడమే, మొదటి నుంచీ మూడు సమీకరణాలూ విప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు.

కాలేజీలో ఏటా ఇదే పాఠం చెప్పేదట. ఇది ఎందుకు మేడం అని ఏ పిల్లైనా అడిగితే, ఏడు మార్కులకు అని చెప్పేదట. అంతకు మించి తనకూ తెలియదంది.

ఆ లెక్కకు జవాబు రెండు, నాలుగు, నాలుగు. బడి బోరు రెండు గంటలు, వాగు బోరు నాలుగు, గట్టు బోరు నాలుగు. ట్యాంకు నీళ్ళలో ఫ్లోరైడు ఒకటీ పాయింటు రెండుకు దిగింది. ఉప్పు లీటరుకు తొమ్మిది వందల ఇరవై మిల్లీగ్రాములు. ఆ తొమ్మిది వందల ఇరవై ఆమె ఏ పుస్తకంలోంచీ తియ్యలేదు. అత్తగారి పొయ్యి మీద తేల్చుకుంది. వేరువేరు పాళ్ళలో నీళ్ళు కలిపి కందిపప్పు పెట్టి చూసింది. అంతకంటే ఉప్పెక్కితే పప్పు ఎంతసేపు ఉడికినా పలుకు విరగదు. ఈ ఊళ్ళో నీళ్ళు మంచివో చెడ్డవో చెప్పేది పప్పే. పప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్ళు, ఉడక్కపోతే కావు. కొత్తగా బోరు పడితే ముందు బిందెడు పట్టి ఇంటికి పంపి, పప్పు ఉడికిందన్న కబురు వచ్చాకే కొబ్బరికాయ కొడతారు. ఫ్లోరైడుకు రుచీ లేదు, వాసనా లేదు. పప్పును అదేమీ చెయ్యదు.

మూడేళ్ళ పాటు జిలానీ ఆ రెండు, నాలుగు, నాలుగు తప్పకుండా ఆడించాడు. మెడ తిరగని మనిషి మూడు వాల్వుల మధ్య సైకిలు మీద తిరిగేవాడు. ఆయన పోయాక సాబిరా అవే గంటలు ఆడించింది. నీళ్ళు కాస్త ఉప్పగా ఉన్నాయని ఊరు సణిగింది గాని తాగింది. ఫాతిమా కూతురు హఫ్సా ఆ నీళ్ళ మీదే పెరిగింది. ఇప్పుడు ఆ పిల్లకు ఆరేళ్ళు. కాళ్ళు తిన్నగా ఉన్నాయి. మనవరాలు వీధిలో పరిగెత్తుతుంటే సాబిరా చేతిలో పని ఆపి చూసేది. ఆ చూపు నదీం చాలాసార్లు చూశాడు.

ఈ ఎండాకాలం మొదట్లోనే వాగు బోరు గుక్క పెట్టింది. కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. గతంలో సర్పంచిగా చేసిన నాగేశ్వరరావు ముందుకొచ్చి బోరును లోతు చేయిస్తానన్నాడు. ఊరికి ఏదో ఒకటి చెయ్యాలని తపన ఉన్న మనిషే. రిగ్గు వచ్చింది, రెండు రోజులు మోత. రెండు వందల అడుగుల దగ్గర ఉన్న బోరు ఆరు వందలు దాటింది. నీళ్ళు పైపు మీదికి లేచి పడ్డాయి. ఎవరో ఫోనులో వీడియో తీశారు. బిందెడు నీళ్ళు నాగేశ్వరరావు ఇంటికే వెళ్ళాయి. పప్పు వెన్నలా ఉడికిందని కబురొచ్చింది. మోటారు దించింది నదీమే. ఆ రోజు అతనికి కూడా మెళ్ళో దండ వేశారు.

సాబిరా ఒక్కతే సీసా పట్టి పెట్టింది. రిపోర్టు నిన్న వచ్చింది.

ఇప్పుడు గోడ మీద ఉన్నవి ఆ అంకెలు. నదీం వేలితో గాలిలోనే ఒక్కో నిలువు వరసా చదువుకున్నాడు. బడి బోరు: ఒకటి, మూడు, నాలుగు. కొత్త వాగు బోరు: ఒకటి, రెండూ పాయింటు తొమ్మిది, నాలుగూ పాయింటు ఒకటి.

“రెండూ ఒకే మాదిరుండయ్యే” అన్నాడు.

“ఒకే నీళ్ళు రా అయ్యి. కిందకి పోయి పోయి బడి బోరు పొరలోనే పడ్డారు. ఊరికి మూడు బోర్లున్నయ్యనుకుంటన్నారు వీళ్ళు. లెక్కలో రెండే.”

డిటర్మినెంటు, అంటే విలోమం తియ్యడానికి భాగించే అంకె, అంతకు ముందు పదిహేడు ఉండేది, గుర్తు సంగతి వదిలేస్తే. ఇప్పుడు ఒకటి కూడా లేదు, పాయింటు ఎనిమిది ఐదు. దాంతో భాగించబట్టే గంటలు అలా మైనస్‌లోకీ ఎనభైల్లోకీ ఎగిరాయని చెప్పింది. కాలేజీలో పిల్లలకు అంకెలు ముచ్చటగా వచ్చే లెక్కలే ఇచ్చేవాళ్ళట, ఇలాంటివి ఇవ్వరట. ఆ కాస్త తేడా కూడా నీళ్ళది కాకపోవచ్చు, ల్యాబువాళ్ళ చెయ్యి కదిలిన తేడా కావచ్చు. రెండో సీసా పంపితే అదీ పోయి సున్నా తేలుతుంది. సున్నా అయితే విలోమం అన్నది అసలు లేదు.

నదీం తన కొట్లో ఎన్నో మోటార్లు చూశాడు. బాగా కాలిన వాటిలో వార్నిషు కరిగి, పక్కపక్కన ఉన్న రెండు తీగలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఏది ఏ చుట్టో కనిపెట్టలేము. అలాంటిదాన్ని విప్పలేము, ఉలితో నరికి బయటికి తియ్యాల్సిందే. ఆ మాటే ఆమెతో అన్నాడు.

“ఆఁ, అదే. అట్టాంటిదే.” ఆమె తల ఊపింది. “ఏడు మార్కులూ వేస్తా నీకు.”

గట్టు బోరూ బడి బోరూ మాత్రమే కలిపి చూడకూడదా అని అడిగాడు. అదీ చూసిందట. ఫ్లోరైడు ఒకటీ పాయింటు రెండుకు దించాలంటే ఉప్పు పన్నెండు వందల దాకా ఎక్కుతుంది. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, ఊరు ఒప్పుకోదు. పప్పు ఉడికేంత ఉప్పు దగ్గర ఆగాలంటే ఫ్లోరైడు ఒకటిన్నర దాటుతుంది. ఏదో ఒకటే దక్కుతుంది.

అయినా ఇప్పుడు ఆ మాట కూడా లేదు. నిన్న సాయంత్రం రిపోర్టు పట్టుకుని నాగేశ్వరరావు ఇంటికి వెళ్ళింది. వసారాలో కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. వాగు బోరూ బడి బోరూ ఆడించి, గట్టు బోరు ఇక పూర్తిగా ఆపమని ఊళ్ళో ఆడవాళ్ళంతా అడుగుతున్నారన్నాడు. ఈమె అంకెలు చెప్పింది. అతను ఓపిగ్గానే విన్నాడు.

“అమ్మా, ఐదేళ్ళు జనానికి ఉప్పునీళ్ళు తాగించావు, ఒక్క మాట అన్నామా? ఇప్పుడు పప్పు ఉడుకుతంది. ఉడకనీ” అన్నాడట. “మా నాయన బడి బోరు నీళ్ళు తాగే ఎనభై ఏళ్ళు బతికాడు.”

“వంగి బతికాడండీ” అందట ఈమె.

పొద్దున్నే గట్టు బోరు వాల్వుకు తాళం పడింది.

“అంత మాట అనకుండా ఉండాల్సింది పెద్దమ్మా.”

“ఏం అనాలి మరి? ఆయన మనవడు కూడా ఆ బళ్ళోనే గందా తాగేది. నేనేం వాళ్ళ మీద కోపంతో అన్నానా?”

అని ఆమె గచ్చు మీద కూలబడింది. ఈ రోజు పొద్దున్న తను చేసిన పని చెప్పింది. బడి బోరు వాల్వు గీత దాకా తిప్పింది. వాగు బోరు వాల్వు గీత దాకా తిప్పింది. ట్యాంకు నిండింది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల నీళ్ళు నిండాయి, తన చేత్తోనే. తిప్పనని ఇంటికి పోతే ఇంకొకరు వచ్చి తిప్పుతారు, వాళ్ళకు కనీసం అంకె కూడా తెలియదు. బడి గంట కొట్టాక హఫ్సా పంపు కింద దోసిలి పట్టి తాగడం దూరం నుంచి చూసిందట. పిలిచి వద్దని చెప్పబోయింది. మిగతా పిల్లలంతా అదే పంపు దగ్గర వరసలో నిలబడి ఉంటే, తన మనవరాలిని ఒక్కదాన్నే ఏమని పిలవాలో తెలియలేదట.

“ముందు పళ్ళు రెండూ ఊడినయ్యి దానికి” అంది. “కొత్తయి లోపల తయారవుతా ఉంటయ్యి. కాళ్ళు కూడా ఇప్పుడే. ఫాతిమాకి వంగటం మొదలైంది ఈ ఈడులోనేగా.”

క్యాన్ల నీళ్ళు కొని బడికి సీసాలో పంపమన్నాడు నదీం. ఆమె అతని వంక జాలిగా చూసింది. ఊళ్ళోకి క్యాన్లు తెచ్చే ఆటో అతను నీళ్ళు ఎక్కడ నింపుకుంటున్నాడో నదీంకు తెలియదా? వాగు బోరు మీద పంపు పెట్టించుకున్నాడు, పది రోజులైంది. పంచాయతీ ఫిల్టరు గదికి ఏడాదిగా తాళమే. లోపల జల్లెడ పాడైతే మార్చే నాథుడు లేడు. కాలువ నీళ్ళు ఈ మెట్ట మీదికి ఎప్పుడూ ఎక్కలేదు.

బయట ఎండ తెల్లగా ఉంది. ఎక్కడో కల్లంలో చివరికోత మిరపకాయలు ఎండుతున్న ఘాటు గాలితో వచ్చి కొట్టులో నిలిచింది. నదీం స్టార్టర్ మూత బిగించి, బటను నొక్కి చూశాడు. మోటారు ఏ ఇబ్బందీ లేకుండా అందుకుంది. పైపులో నీళ్ళు పారే చప్పుడు ఇద్దరూ విన్నారు. అంత బాగా పనిచేస్తున్న మోటారును చూస్తే అతనికి ఎప్పుడూ సంతోషంగా ఉండేది. ఇప్పుడు ఆపేశాడు.

సాబిరా లేచి, గోడ మీద వాగు బోరు నిలువు వరసను అరచేత్తో తుడిచేసింది. ఆ ఖాళీలో పైన ఒకటి రాసింది. కింద రెండు చోట్లా ఏమీ రాయలేదు.

“ఇక్కడికి వేరే నీళ్ళు కావాలి. ఎక్కువ అక్కర్లేదు, నాలుగు గంటల ధార. ఈ రెండిట్లాంటివి కాకూడదు, అంతే.”

“ఎక్కడుండయ్యి పెద్దమ్మా? ఎక్కడ బోరేసినా ఆరొందలు పోందే పడట్లా.”

“పోయిన కొద్దీ అదే నీళ్ళు. పైన ఉండే నీళ్ళు కావాలి. వానకి ఊరినయ్యి.” ఆగింది. “నాగేశ్వరరావు మిరప చేలో దిగుడు బావి.”

నదీం చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

జిలానీ పోయింది ఆ బావిలోనే. రెండేళ్ళ కిందట, వానాకాలం చివర. బావి మీద ఉన్న నాగేశ్వరరావు మోటారు నీళ్ళు లాగడం లేదంటే, అడుగున ఫుట్‌వాల్వులో చెత్త పట్టి ఉంటుందని, తీసొస్తానని దిగాడు. మెడా నడుమూ సాగని మనిషి, కింద మెట్టు ఎక్కడుందో వంగి చూసుకోలేడు. నాచు మీద కాలు జారింది. ఒక్కడే వెళ్ళాడు కాబట్టి కేక వేసినా వినేవాళ్ళు లేరు. వెతకడం మొదలుపెట్టింది మర్నాడు పొద్దున. తర్వాత ఆ మోటారునూ పైపులనూ ఊడదీసి పైకి లాగింది నదీమే. నాగేశ్వరరావు ఆ బావి మీద నిలువెత్తు ముళ్ళకంప వేయించాడు. ఇప్పటికీ ఆ నీళ్ళు మిరప మొక్కకు కూడా పొయ్యడు. పశువులు తోలుకుపోయేవాళ్ళు ఆ చేలగట్టు వదిలి చుట్టూ తిరిగి పోతారు.

“ఆ నీళ్ళు…” అని ఆగిపోయాడు.

“ఆ నీళ్ళే.”

“ఊరు తాగదు పెద్దమ్మా.”

“తాగదు. నేను తాగుతానో లేదో నాకే తెలవదు.” ఆమె గోడ వైపే చూస్తోంది. “ముందు అంకె రానీ. అంకె బాగుంటే అప్పుడు పోయి ఊళ్ళో అడుగుతా, నాగేశ్వరరావు కాళ్ళన్నా పట్టుకుంటా. తోడిస్తా, సున్నం కొట్టిస్తా, ఏం చెయ్యమంటే అది చేస్తా. అంకె లేకుండా ఏం పట్టుకుని అడగను?”

నదీంకు ఒక ఆలోచన వచ్చింది. చెప్పడానికి మొగమాటపడి, చివరికి చెప్పాడు. ఆ బావి నుంచి మన పైపులైను ఎంతో దూరం లేదు. ఎవరికీ చెప్పకుండా కలిపేస్తే, ట్యాంకులో చేరాక ఏ నీళ్ళు ఏవో ఎవరు కనిపెడతారు? పప్పు ఉడికితే చాలు వీళ్ళకు.

ఆమె అతని వైపు తిరిగింది. కోపం లేదు. పాఠం అర్థం కాని పిల్లను చూసినట్టు చూసింది.

“ఫాతిమా తాగుద్ది రా. వాళ్ళ నాయన రాత్రంతా ఉన్న నీళ్ళు. చెప్పకుండా పొయ్యమంటావా దాని గొంతులో?”

అతను తల దించుకున్నాడు.

“చెప్పే పోస్తా. తిడితే తిట్టనీ, చెంబు మొగాన కొడితే కొట్టనీ. అది కాదన్నా, ఊరు కాదన్నా, అప్పుడు ఇంక నా చేతిలో ఏమీ లేదు. ఈ వాల్వు తిప్పుకుంటా కూర్చుంటా.”

నదీం సామాను సంచిలో సర్దుకున్నాడు. సున్నా కాకపోవచ్చు, మళ్ళీ పంపి చూద్దాం అనబోయాడు గాని, ఆ రెండు వరసలూ కళ్ళ ముందు కనపడి ఊరుకున్నాడు. బావి నీళ్ళ అంకె కూడా ఎలా వస్తుందో ఎవరికి తెలుసు. నీళ్ళు కదలక రెండేళ్ళుగా అలా నిలిచిపోయాయి. అదీ ఈ రెండింటిలాగే ఉంటే ఈమె ఏం చేస్తుందో ఊహించుకోలేకపోయాడు.

ఆమె కొట్టు మూలకు పోయి ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. లేబులు తీసేసి, కడిగి ఆరబెట్టి ఉంది.

“రేపు నర్సరావుపేట పోతన్నా అన్నావుగా. ఇప్పుడే పోయి పట్టుకో, పొద్దుండగా. ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పట్టు. నిండా పట్టాలి, పైన గాలి ఉండకూడదు. గాజు సీసాలోకి మార్చమాక, అంకె తప్పొస్తది.”

“సరే పెద్దమ్మా.”

“ఎవరన్నా అడిగితే నేనే పంపానని చెప్పు. ఫాతిమాకి మాత్రం చెప్పమాక, అంకె వచ్చినాక నేనే చెప్తా. నాగేశ్వరరావు పాలేరు చేలోనే ఉంటాడు, కంప అతను తీస్తాడు. ఎడమ పక్క మెట్లన్నీ నాచు, కుడి పక్క నుంచి దిగు.” గుమ్మం దాకా వచ్చి నిలబడింది. “ఆ పాలేరుని పైన నిలబెట్టి దిగు నదీమూ. మనిషి లేకపోతే దిగొద్దు, ఉత్త సీసాతో తిరిగొచ్చెయ్యి.”